కాలవ గట్టు వెంట సైకిల్

(బదిలీల మీద కోనసీమకు కొత్తగా వచ్చిన ఉద్యోగుల కోసం అమలాపురంలో మే నెలాఖరున జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక పరిచయాలు విన్నాను. ఒకరిది ఆదోని, ఇద్దరు పాలమూరు వైపు నుంచి వచ్చారు, వెనక వరుసలో కూర్చున్న అమ్మాయిది పార్వతీపురం. నాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. బ్యాంకు ఉద్యోగం ఇక్కడికి తీసుకొచ్చింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఏడు మంచిదే అనుకునే ప్రాంతం మాది. చెరువు నిండిన రోజున ఊరంతా వెళ్లి కట్ట మీద నిలబడి చూస్తాం. అలాంటి చోటు నుంచి వచ్చినవాణ్ని, ఏ ఇంటి వెనక చూసినా నీళ్లు పారుతున్న ఊళ్ల మధ్య పడ్డాను. ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి, ఎక్కడికి పోతున్నాయి, ఎవరు వదులుతున్నారు అని తెలుసుకోవాలనిపించింది. అందుకే సైకిల్ కొన్నాను.

మీతో చెప్పాలనుకున్నది ఒక్కటే. కోనసీమ అర్థం కావాలంటే నీటి వెంట వెళ్లండి. నీటి వెంట వెళ్లడానికి సైకిల్‌ను మించిన బండి లేదు.

బస్సులో వెళితే మనకు కనిపించేది 216 నంబరు జాతీయ రహదారి. రెండు పక్కలా కొబ్బరి చెట్లు, షాపుల బోర్డులు, మళ్లీ కొబ్బరి చెట్లు. అమలాపురం ఎక్కడ అయింది, మామిడికుదురు ఎక్కడ మొదలైంది, కొత్తవాళ్లకు పోల్చుకోవడం కష్టం. మోటార్ సైకిల్ మీద కాస్త నయం. కానీ హెల్మెట్ పెట్టుకుని దూసుకుపోయేవాణ్ని ఎవరూ పలకరించరు. సైకిల్ మీద వెళ్లేవాణ్ని మాత్రం ఈ ప్రాంతంవాళ్లు వదలరు. "ఆయ్, ఎక్కణ్నుంచండీ రావడం? ఎండలో అలా తొక్కుకుంటూ ఎక్కడికండీ?" అని ఆపుతారు. అరుగు మీద కూర్చోబెడతారు, మంచినీళ్లిస్తారు. అవతలివాళ్లు మొదలుపెట్టిన మాట కాబట్టి మనకు మొహమాటం ఉండదు. కొత్త ఊళ్లో మనుషులతో పరిచయానికి ఇంతకంటే తేలికైన దారి నాకు దొరకలేదు.

ఇప్పుడు నేల సంగతి. ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ట. ఆ రెంటికీ సముద్రానికీ మధ్యనున్న ముక్కే కోనసీమ. దాని నడుమ వైనతేయ అని ఇంకో పాయ విడివడి ఓడలరేవు వైపు పోతుంది. ఇంజనీర్ల లెక్కలో ఇది మధ్య డెల్టా, సుమారు 2 లక్షల ఎకరాల ఆయకట్టు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852కి అది పూర్తయింది. ఇప్పుడు మనం చూస్తున్న బ్యారేజీ ఆ తర్వాత, 1970ల్లో మొదలై 1980ల్లో ముగిసింది. మధ్య డెల్టా ప్రధాన కాలవ బొబ్బర్లంక దగ్గర తల ఎత్తుతుంది. అక్కణ్నుంచి గన్నవరం కాలవ, అమలాపురం కాలవ, వాటి నుంచి పిల్లకాలవలు, వాటి నుంచి పంట బోదెలు. చివరి బోదె చివరి మడికి నీళ్లందించాక మిగిలింది మురుగు కోడులో పడి సముద్రం దారి పడుతుంది.

పుస్తకంలో చదివితే ఇది నాలుగు వాక్యాలు. సైకిల్ మీద వెళితే దీని తర్కం కాళ్లకు తెలుస్తుంది. కాలవ గట్టు మీద తొక్కుతూ రెండు పక్కలా చూడండి. పొలాలు మీకంటే కింద ఉంటాయి. కాలవలు ఎప్పుడూ మెరక మీదే నడుస్తాయి, అప్పుడే నీళ్లు వాటంతటవే రెండు వైపులకూ దిగుతాయి. మురుగు కోళ్లేమో పల్లంలో. నదికి వరద వచ్చినప్పుడు బరువైన ఇసుక, ఒండ్రు గట్టు దగ్గరే ముందుగా పడిపోతాయి కాబట్టి డెల్టాలో నది అంచు నేల ఎత్తుగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ వాలుతుంది. ఈ సంగతి తెలిసి కాలవలు గీశారు. కారులో పోయేవాడికి ఆ రెండు మూడు అడుగుల తేడా కనిపించదు. గట్టు మీంచి పొలాల దారిలోకి దిగేటప్పుడు సైకిల్ తనంతట తానే పరుగు తీస్తుంది, మళ్లీ గట్టెక్కడానికి పెడల్ మీద లేచి నిలబడాలి. మెరకేది, పల్లమేది అని అప్పుడు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల వాలు కిలోమీటరుకు అడుగు లోపే. గేర్ల సైకిల్ కావాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. మామూలు గేర్లు లేని సైకిల్ చాలు. కోనసీమలో కొండ లేదు, కానీ గాలి ఉంది. కొండైతే ఎక్కాక దిగుతాం, ఎదురుగాలికి దిగుడు లేదు. అందుకే గాలి వేళలు తెలుసుకుని బయల్దేరాలి. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. మధ్యాహ్నానికి నేల కాగాక తిరగబడి సముద్రం నుంచి లోపలికి వస్తుంది. ఓడలరేవుకో అంతర్వేదికో వెళ్లాలంటే చీకటి విడిపోయే వేళకు బయల్దేరండి. సముద్రపు గాలి మొదలయ్యాక వెనక్కి రండి. రెండు దారుల్లోనూ గాలి మీ వీపునే తోస్తుంది. ఇప్పుడు రోహిణి కార్తె, ఎండల్లో పడమటి వడగాలి ఉంటుంది, కాబట్టి ఈ రెండు వారాలు మాత్రం ఉదయం ఎనిమిదికల్లా నీడకు చేరండి. ఎంత సరదా ఉన్నా సరే.

గట్టు దారులు ఎందుకు అంత వాటంగా ఉంటాయో ఒక పెద్దాయన చెప్పేదాకా నాకు తెలియదు. ఈ కాలవలు ఒక్క సాగుకే కాదు, ప్రయాణానికి కూడా తవ్వారు. రోడ్లు, వంతెనలు రాకముందు బియ్యం, కొబ్బరి, పెళ్లివారు, అందరూ పడవల మీదే. గాలి వాలు లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి పడవను లాగేవాళ్లు. వాళ్లు నడిచిన దారి మీదే మనం సైకిల్ తొక్కుతున్నాం. ఆయన చిన్నప్పుడు రాత్రి పడవెక్కి పడుకుంటే తెల్లారేసరికి ఊరు చేరేవాళ్లట.

పడవలు పోయాయి, లాకులు మిగిలాయి. లాకంటే పడవను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే తలుపుల కట్టడం. ఏదో ఒక లాకు దగ్గర తప్పకుండా ఆగండి. నేను తరచూ ఆగే లాకు దగ్గర ఒక లస్కర్ ఉన్నాడు. కాలవ తూముల తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. గోడకు బిగించిన కొలబద్ద మీద నీటి మట్టం చూసి, ఫోన్‌లో పై అధికారులకు చెప్పి, వాళ్లు చెప్పినంత మేరకు మరచుట్టు తిప్పుతాడు. ఒకరోజు ఆయన అన్న మాట నాకు ఉద్యోగంలో కూడా పనికొచ్చింది. "నేను ఇక్కడ నాలుగంగుళాలు ఎత్తితే ఎగువవాళ్లు తిడతారండి, దించితే శివారువాళ్లు తిడతారు." దాళ్వాలో, అంటే రబీ పంటకు, ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి గోదావరిలో నీళ్లు తగ్గుతాయి. అప్పుడు వంతులవారీగా వదులుతారు. ఎగువన ఉన్న మడి తడిసిపోతుంటే శివారు మడి నెర్రెలు విచ్చి ఉంటుంది. ఒకే కాలవ, ఒకే పంట, ఇద్దరూ రైతులే. కాలవ తల నుంచి చివరిదాకా ఒక పూటలో తొక్కుకుంటూ వెళితే ఆ తేడా కిలోమీటరు కిలోమీటరుకీ కనిపిస్తుంది. తల దగ్గర నీళ్లు నిండుగా, మాట్లాడుకుంటూ పారతాయి. చివర్లో గుర్రపుడెక్క అల్లుకుపోయి నీరు ఉందో లేదో తెలియదు. ఆ చివరి ఊళ్లోంచి వచ్చిన రైతు అప్పు వాయిదా అడిగితే, ఆయన ఏ నీటి కోసం ఎదురుచూస్తున్నాడో నాకు తెలుసు. మీలో వ్యవసాయ శాఖవాళ్లున్నారు, రెవెన్యూవాళ్లున్నారు, టీచర్లున్నారు. ఏ ఉద్యోగమైనా ఇది వర్తిస్తుంది. మన దగ్గరికి వచ్చే మనిషి కాలవకు తల దగ్గరా, శివారులోనా అన్నది ఫైలులో రాసి ఉండదు.

ఇక్కడ అంతా పచ్చగా ఉంది కాబట్టి అందరూ సుఖంగా ఉన్నారు అనుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి అంచనా. 2011 ఖరీఫ్‌లో ఈ కోనసీమ రైతులే సాగు గిట్టుబాటు కాక, మురుగు దిగక, నాట్లు వేయకుండా పంట విరామం పాటించారు. నీళ్లున్న చోట పంట మానేయడం! మా అనంతపురంలో చెబితే నమ్మలేదు. కానీ సార్వాలో, అంటే ఖరీఫ్ కాలంలో, వాన కురిసి వెలిసిన మర్నాడు, మురుగు కోడు పక్కనున్న చేలు చూడండి. పూడిక తీయని కోడు పొంగి నాట్లు మునిగి ఉంటాయి. నీళ్లు రాకపోవడం మా కష్టం, నీళ్లు పోకపోవడం వీళ్ల కష్టం. రెండూ కష్టాలే అని నేను ఒప్పుకోవడానికి కొంతకాలం పట్టింది. సముద్రం దగ్గరికి వెళ్లేకొద్దీ వరి చేలు తగ్గి రొయ్యల చెరువులు, వాటిలో గిరగిరా తిరిగే ఏరేటర్లు మొదలవుతాయి. ఉప్పునీరు పక్క చేలోకి ఊరుతుందని గొడవలున్నాయి. ఎవరి పక్షమూ తీసుకోకుండా ఇద్దరి మాటా వినండి.

కొబ్బరి గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇది సైకిల్ మీద నుంచి బాగా కనిపించే పని. చెట్టెక్కి కాయలు దింపేవాళ్లు వేరు, పీచు వలిచేవాళ్లు వేరు. దింపు, వలుపు అని రెండు పనులు. తోటలో దింపు ముగిశాక కాయల రాశి పక్కన వలుపు కార్మికుడు నిలబడతాడు. నేలలో పాతిన ఇనప మొన మీద కాయను గుచ్చి, ఒక పక్కకు మెలితిప్పి, మళ్లీ గుచ్చి, ఇంకోసారి మెలితిప్పేసరికి పీచు మొత్తం ఊడివస్తుంది. ఒక కాయ కింద పడేలోపు ఇంకో కాయ చేతిలో ఉంటుంది. చేతికీ మొనకీ మధ్య వేలెడు దూరం. చూస్తూ నిలబడితే మనకే ఒళ్లు జలదరిస్తుంది, ఆయన మాత్రం పక్కవాళ్లతో కబుర్లు చెబుతుంటాడు. అదే తోటలో ఎండు కాయల్ని అటక మీద పరిచి నెలల తరబడి ఉంచుతారు. లోపల నీళ్లు ఇంకిపోయి కొబ్బరి చిప్ప నుంచి విడివడితే అది కురిడీ. ఒక రైతు నాకు రెండు కాయలు అందించి చెవి దగ్గర ఊపమన్నాడు. ఒకటి నీళ్ల చప్పుడు చేసింది, ఇంకోటి లొడలొడలాడింది. ఆ రెండోది తయారైనట్టు. తేమ తగిలితే బూజు పడుతుంది, ఎలుకలు కొరుకుతాయి, ధర పడిపోతే అన్ని నెలలు దాచిన శ్రమా వృథా. అంబాజీపేట మార్కెట్‌లో రేటు ఎంతుందో ఇక్కడి ఇళ్లలో పొద్దున్నే ఎందుకు మాట్లాడుకుంటారో ఆ అటక కింద నిలబడితే తెలిసింది. యాభై దాటినవాళ్లతో తోటలో కూర్చుంటే 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి తప్పకుండా చెబుతారు. ఒక్క రాత్రిలో తోటలకు తోటలు పడిపోయాయి. కొబ్బరి మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడు మనం నీడన తొక్కుకుపోతున్న చెట్లు చాలావరకు ఆ తర్వాత నాటినవి.

దారుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పి.గన్నవరం వెళ్లే దారి. అక్కడ కాలవ నదిని దాటుతుంది. కింద వైనతేయ పారుతుంటే దాని మీదుగా అక్విడక్ట్‌లో కాలవ నీళ్లు అవతలి ఒడ్డుకు, రాజోలు వైపు పోతాయి. మొదటి అక్విడక్ట్ 1850ల తొలినాళ్లలో కట్టారు. నలభైకి పైగా ఇటుక ఆర్చీలు. పక్కనే 2000లో వచ్చిన కొత్త అక్విడక్ట్‌కు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. సీతమ్మ గారు 1841లో పుట్టి 1909లో పోయారు. లంకల గన్నవరంలో ఉంటూ, ఏటి దారిన పోయే ప్రయాణికులకు కులం, వేళ చూడకుండా అన్నం పెట్టిన తల్లి. ఇప్పుడు మన రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే. నేను అక్కడికి వెళ్లిన ప్రతిసారీ కాసేపు సైకిల్ దిగి, కింద నది, మీద కాలవ, రెండూ కనిపించే చోట నిలబడతాను. ఒకటి సముద్రానికి పోయేది, ఒకటి పొలానికి పోయేది. ఇంత పని చేసిపెట్టినవాళ్లను, రాళ్లెత్తిన పేరు తెలియని కూలీలతో సహా, తలుచుకోకుండా ఆ చోటు దాటబుద్ధి కాదు.

నదిని సైకిల్‌తో దాటాలంటే పంటు ఎక్కండి, అంటే బండ్లను కూడా ఎక్కించుకునే పెద్ద పడవ. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి వశిష్ట మీద, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి గౌతమి మీద. లారీలు, ఆటోలు, కూరగాయల గంపలు, స్కూలు పిల్లలు, వాటి మధ్య మన సైకిల్. అవతల దిగితే కోటిపల్లి సోమేశ్వరస్వామి గుడి. యానాం వెళ్లేవాళ్లకు మాత్రం పంటు అక్కర్లేదు, 2002 నుంచి ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఉంది. ఆగస్టులో ఎర్రనీరు, అంటే వరద, వచ్చిందంటే పంట్లు ఆగిపోతాయి. నది మధ్య దీవుల్లా ఉండే లంక గ్రామాల కాజ్‌వేలు కూడా మునిగిపోతాయి. ముక్తేశ్వరం దగ్గర ఎదురుబిడియం కాజ్‌వే మీద చలికాలంలో వెళితే కింద నీళ్లు పాదాలు తడపవు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలవాళ్లు రోజుల తరబడి పడవల మీద తిరిగారు. ఎండాకాలంలో ఒకసారి, వరద తీశాక ఒకసారి, అదే దారిన వెళ్లండి. ఇళ్ల గోడల మీద నీటి మరకలు మీ భుజాల ఎత్తున కనిపిస్తాయి.

జాగ్రత్తలు నాలుగు మాటల్లో చెబుతాను. గట్టుకు పిట్టగోడ ఉండదు, చీకటి పడ్డాక గట్టు దారి వద్దు. వానాకాలంలో గడ్డి అంచుల్లో పాములుంటాయి, సైకిల్ ఆపితే దారి మధ్యలో ఆపండి, గడ్డిలోకి కాలు పెట్టకండి. ఇక్కడి ఒండ్రు మట్టి తడిస్తే మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య కరుచుకుని చక్రం తిరగనివ్వదు, ఒక పుల్ల దగ్గర పెట్టుకోండి. సముద్రం వైపు వెళ్లొచ్చిన రోజు గొలుసును మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, నూనె వేయండి. ఉప్పుగాలికి వారంలో తుప్పు పడుతుంది. పంక్చర్ గురించి టెన్షన్ వద్దు, ప్రతి సెంటర్లోనూ ఒక షాపు ఉంటుంది.

కోతలప్పుడు ఇంకో సంగతి. రోడ్డుకు ఒక పక్క ధాన్యం ఆరబోస్తారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు కాబట్టి ఆ రోడ్డే వాళ్లకు కళ్లం. కార్లవాళ్లు దాని మీంచే పోతుంటారు. మనం దిగి పక్కనుంచి నడిపించుకుంటూ పోదాం. కాళ్లతో ధాన్యం తిరగేస్తూ నడిచే ఆ ఇంటి ఆవిడ మనల్ని చూసి ఏమీ అనదు. కానీ మర్నాడు అదే దారిన వెళితే "మజ్జిగ తాగి వెళ్లండి బాబూ" అంటుంది. నాతో అన్నారు.

పార్వతీపురం అమ్మాయి ఇందాక ఒంటరిగా వెళ్లొచ్చా అని అడిగింది. పగటిపూట, ఊళ్ల మీదుగా పోయే గట్టు దారుల్లో వెళ్లొచ్చమ్మా. మా ఆఫీసులో ఇద్దరు ఆడవాళ్లు ఇలాగే తిరుగుతారు, వాళ్ల నంబర్లు సమావేశం అయ్యాక ఇప్పిస్తాను. మొదటి కొన్నిసార్లు వాళ్లతో కలిసి వెళితే దారులు తెలుస్తాయి.

ఇప్పుడు కాలవలు కట్టేసి ఉన్నాయి. ఏటా ఈ రోజుల్లోనే పూడికలు తీస్తారు, తూములు బాగు చేస్తారు. ఖాళీ కాలవను చూడాలంటే ఇదే సమయం, అడుగున ఏముందో, గట్టు ఎక్కడ కోసుకుపోయిందో కనిపిస్తుంది. జూన్‌లో సార్వాకు నీళ్లు వదులుతారు. తేదీ ప్రకటించగానే ఆ వారాంతం బొబ్బర్లంక వెళదాం. ఇక్కణ్నుంచి అంత దూరం తొక్కడం కొత్తవాళ్లకు కష్టం, కాబట్టి సైకిళ్లు మినీ వ్యాన్‌లో వేసుకుని వెళ్లి, అక్కడ దించి, కొత్త నీటి వెంట కిందికి తొక్కుతూ వద్దాం. ఎండిన కాలవలో ముందు నీళ్లు ఎంత దూరం వెళ్లాయో దారిపొడుగునా రైతులే చెబుతారు. పంపు, స్పానర్లు, ప్యాచ్‌లు నేను తెస్తాను. సైకిల్ లేనివాళ్లు ఇవాళే పేరు ఇవ్వండి, నాలుగైదు పాత సైకిళ్లు బాగు చేయించి ఉంచాం.